నెట్ పెరిగింది, ఆర్డర్లు వస్తున్నాయి, మరి చీరలు ఎందుకు తిరిగి వస్తున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది పోచంపల్లి దగ్గరి చేనేత కుటుంబం. ఏడాదిగా ఆన్‌లైన్‌లో నూలు ఇక్కత్ చీరలు అమ్ముతున్నారు. మన దేశంలాంటి వర్ధమాన దేశాల్లో ఇంటర్నెట్ వాడకమూ, ఆన్‌లైన్ వ్యాపారమూ ఏటేటా పెరుగుతున్నాయని పత్రికల్లో చదివి ధైర్యం చేశారు. ఆర్డర్లకు లోటు లేదు. కానీ పంపిన పదిలో మూడు నాలుగు తీసుకునేవారు లేక వెనక్కి వస్తున్నాయి, నెలాఖరుకు చేతిలో మిగులు కనబడటం లేదు. లోపం మీదా, వ్యాపారానిదా, కొనసాగించాలా, మానేయాలా అని అడిగారు.

సూటిగా చెబుతున్నాను: మానవద్దు. కానీ పైసా ముందు తీసుకోకుండా చీర పంపే క్యాష్ ఆన్ డెలివరీ పద్ధతిని ఈ వారమే ఆపేయండి. ఆర్డర్లు తగ్గుతాయి. మిగులు పెరుగుతుంది. ఎందుకో కింద లెక్కతో సహా చూపిస్తాను.

నేను ముందు ఒక కొరియర్ సంస్థలో పార్శిళ్ల పంపిణీ కేంద్రం చూసుకున్నాను. తరువాత చేనేత కుటుంబాలకూ, చిన్న బట్టల దుకాణాలకూ ఆన్‌లైన్ అమ్మకాలు సర్దిపెట్టే పనిలోకి వచ్చాను. తిరిగి వచ్చిన పార్శిళ్లు గదిలో ఒక మూల గుట్టగా పడి ఉండటం ఇటు నుంచీ అటు నుంచీ చూసినవాణ్ని. మీ బాధ కొత్తదేమీ కాదు, మీ ఒక్కరిదీ కాదు.

మొదట ఆ "పెరుగుదల" సంగతి తేల్చుకుందాం. అది నిజమే. 2014లో మన దేశంలో ఒక జీబీ డేటా ధర సగటున 269 రూపాయలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. 2018 నాటికి అదే జీబీ పన్నెండు రూపాయలలోపుకు దిగింది. ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ, సర్వే సంస్థ కాంటార్ వేసిన లెక్క ప్రకారం 2024లో దేశంలో ఇంటర్నెట్ వాడేవారు 88.6 కోట్ల మంది, అందులో సగానికి పైగా పల్లెల్లో ఉన్నవారే. ప్రపంచం మొత్తం మీద చూస్తే తేడా ఇంకా పెద్దది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2024 అంచనా ప్రకారం ధనిక దేశాల్లో నూటికి 93 మంది నెట్ వాడుతుంటే, బాగా పేద దేశాల్లో 27 మందే వాడుతున్నారు. అంటే ఇకముందు కొత్తగా నెట్‌లోకి వచ్చే జనంలో ఎక్కువమంది మనలాంటి దేశాలవారే.

అయితే ఈ లెక్కలు చెప్పేది చూసేవారి సంఖ్య. కొనేవారి సంఖ్య వేరు. కొన్నాక ఉంచుకునేవారి సంఖ్య ఇంకా వేరు. డేటా చౌక కాగానే జనం మొదట చేసేది వీడియోలు చూడటం, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడం. డబ్బు పెట్టి కొనడం చాలా తరువాతి మెట్టు. ఆ మెట్టు ఎక్కాలంటే ముఖం తెలియని మనిషిని నమ్మాలి. డేటా ధర తగ్గినంత తొందరగా నమ్మకం పెరగదు.

మన దేశంలో ఈ అంతరాన్ని పూడ్చడానికి దొరికిన ఉపాయమే క్యాష్ ఆన్ డెలివరీ. 2007లో పుస్తకాలతో మొదలైన ఫ్లిప్‌కార్ట్ 2010లో దీన్ని తెచ్చింది. అప్పటికి కార్డులున్నవారు తక్కువ, ఉన్నవారికీ వాటి నంబరు నెట్‌లో కొట్టాలంటే భయం. నిజానికి మన పెద్దలకు ఈ పద్ధతి కొత్త కాదు. పత్రికలో ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే పుస్తకమో మందో పోస్టులో వచ్చేది, పోస్టుమాన్‌కు డబ్బిచ్చి విడిపించుకునేవారు. వీపీపీ అంటే అదే. అప్పట్లోనూ విడిపించుకోకుండా వదిలేసేవారు ఉండేవారు, అమ్మినవారే రానూపోనూ ఖర్చులు భరించేవారు. ఇప్పుడు పెద్ద కంపెనీలు పెట్టుబడిదారుల డబ్బుతో ఆ నష్టాన్ని భరిస్తూ జనానికి అలవాటు చేశాయి. ఆ అలవాటు ఖరీదు ఇప్పుడు మీ మగ్గం మీద పడుతోంది.

ఇక్కడ చాలామంది అడిగే మాట ఒకటుంది. ఊళ్లో కూరగాయల బండి దగ్గర కూడా యూపీఐ స్కాన్ చేస్తున్నారు, 2023 ఆగస్టులోనే నెలకు వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి, మరి చీర దగ్గరికి వచ్చేసరికి నగదే ఎందుకు అడుగుతున్నారు అని. ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే మీ సమస్య సగం విడిపోతుంది.

యూపీఐ డబ్బు పంపడాన్ని సులువు చేసింది, సరుకుకు పూచీ ఇవ్వలేదు. బండి దగ్గర వంకాయలు చేతిలోకి వచ్చాకే స్కాన్ చేస్తాం. చీర విషయంలో డబ్బు ముందు పోతుంది, సరుకు ఐదు రోజుల తరువాత వస్తుంది. రాకపోతే, వచ్చినది ఫోటోలో లేనిదైతే, ఆ డబ్బును వెనక్కి లాక్కునే సులువైన దారి కొనేవారికి లేదు. అందుకే అంత అలవాటున్న చెయ్యి కూడా అక్కడ ఆగిపోతుంది.

చైనాలో ఈ ముడిని ఎలా విప్పారో చూడండి. 2003లో అలీబాబా సంస్థ తావోబావో అనే అమ్మకాల వేదిక పెట్టింది. అప్పటికే అమెరికా కంపెనీ ఈబే అక్కడ పెద్ద స్థానంలో ఉంది. 2004లో అలీపే వచ్చింది. కొనేవారు కట్టిన డబ్బును అలీపే తన దగ్గర పట్టి ఉంచుతుంది, సరుకు అందిందని, బాగుందని కొనేవారు చెప్పాకే అమ్మినవారికి వదులుతుంది. దానితోపాటు కొనేముందు అమ్మేవారితో నేరుగా మాట్లాడుకునే, బేరమాడుకునే సదుపాయం కూడా పెట్టారు. అమ్మేవారి దగ్గర రుసుము వసూలు చేయకపోవడం తావోబావో గెలుపుకు మరో కారణం, అది కాదనను. 2006 చివరికి ఈబే అక్కడి తన సొంత సైటును వదులుకుంది. అంటే కార్డులు లేని, చట్టం మీద పెద్దగా భరోసా లేని చోట, మధ్యలో డబ్బు పట్టి ఉంచే ఒక పెద్దమనిషిని నిలబెట్టారు.

కెన్యా కథ వేరు, సారం దగ్గరదే. 2007 మార్చిలో సఫారికామ్ అనే ఫోను కంపెనీ ఫోను ద్వారా డబ్బు పంపుకునే ఎం-పెసా మొదలుపెట్టింది. స్మార్ట్‌ఫోను అక్కర్లేదు, మామూలు ఫోను చాలు. బ్యాంకులు లేని ఊళ్లలో అది పాకిందంటే కారణం, సందు చివరి కిరాణా కొట్టువాడే ఏజెంటు కావడం. నోట్లు అతని చేతిలో పెడితే ఫోనులో జమ, ఫోనులోంచి పంపితే అతని చేతి నుంచి నోట్లు. మనుషులు నమ్మింది ఆ కొట్టువాణ్ని, అతని ద్వారా ఫోనును.

నైజీరియాలో మరో పాఠం ఉంది. 2012లో లేగోస్‌లో మొదలైన ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ జుమియా 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. అదే ఏడాది కామెరూన్, టాంజానియాల్లో దుకాణం మూసింది. ఇంటి నంబర్లు లేని వీధులు, చేతికి ఇచ్చాకే డబ్బు అనే షరతు, తీసుకోకుండా తిప్పి పంపేవారు, అన్నీ కలిసి మోయలేనంత ఖర్చయ్యాయి. తరువాత వారు ఇంటింటికీ పంపడం తగ్గించి, కొనేవారే వచ్చి తీసుకెళ్లే చిన్న చిన్న కేంద్రాలు పెంచుకుంటూ పోయారు. వేల కోట్లున్న కంపెనీయే ఆ భారం మోయలేకపోయింది. ఒక మగ్గం, రెండు మగ్గాల కుటుంబం ఎలా మోస్తుంది?

ఇక మీ లెక్క. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు పెట్టుకుని చూసుకోండి. పన్ను పక్కన పెడదాం. చీర మీకు పడిన ఖర్చు 1,350, అమ్మకం ధర 1,800. తేడా 450. కొరియర్ 90, ప్యాకింగ్ 25, నగదు వసూలు చేసినందుకు కొరియర్‌వారి రుసుము 40.

ముందే డబ్బు కట్టిన ఆర్డరు మీద మిగిలేది 335. నగదు ఆర్డరు సవ్యంగా చేరితే 295. నగదు ఆర్డరు తిరిగి వస్తే పోయిన దారి 90, వచ్చిన దారి 90, ప్యాకింగ్ 25, మొత్తం 205 రూపాయల నష్టం.

పది నగదు పార్శిళ్లు పంపారు, మూడు తిరిగి వచ్చాయి. ఏడింటి మీద 2,065 వచ్చింది, మూడింటి మీద 615 పోయింది. మిగులు 1,450. అదే మీరు ముందు డబ్బు అంటే సగం మంది వెళ్లిపోయి ఐదుగురే కొన్నారనుకోండి, మిగులు 1,675. పది పంపి సంపాదించిన దానికంటే ఐదు పంపి సంపాదించినది ఎక్కువ. పైగా ఐదు చీరలు మీ దగ్గరే ఉన్నాయి, మడత నలగలేదు, మూడు వారాలు ఎక్కడెక్కడో తిరగలేదు. ఆర్డర్ల సంఖ్య చూసి సంతోషపడటం మానేసి, నెలకొకసారి ఈ లెక్క కాగితం మీద వేసుకోండి. మీలో చాలామంది వెయ్యరు, అదే నా దిగులు.

మరి అందరూ ముందు మొత్తం కడతారా? కట్టరు, కట్టకపోవడంలో వారి తప్పు లేదు కూడా. అందుకే నేను అందరికీ చెప్పేది అడ్వాన్సు పద్ధతి. 1,800 చీరకు 200 యూపీఐలో ముందు, మిగతా 1,600 చీర అందాక. ఆ 200 ఎక్కడి నుంచి వచ్చిందో గమనించారా? తిరిగి వస్తే మీకు పడే నష్టం దాదాపు అంతే. మోసపోయినా పోయేది 200 కాబట్టి కొత్తవారు ధైర్యం చేస్తారు. కట్టిన 200 పోతుంది కాబట్టి ఊరికే ఆర్డరు పెట్టేవారు పెట్టరు. చీర వద్దనుకుంటే అడ్వాన్సు తిరిగి రాదని, కానీ చీరలో లోపం ఉంటే మొత్తం వెనక్కి ఇస్తామని ముందే రాసి పంపండి. రాసిన మాట తప్పకండి. రెండోసారి కొన్నవారిలో ఎక్కువమంది వారంతట వారే మొత్తం ముందు కట్టేస్తారు, అడగాల్సిన పని ఉండదు.

ఆర్డరు వచ్చిన గంటలోపు ఫోను చేసి మాట్లాడండి, మెసేజీతో సరిపెట్టవద్దు. ఎందుకంటే తిరిగి వచ్చే పార్శిళ్లలో చాలావాటికి చీరతో సంబంధం ఉండదు. ఫోనులో చూసి ఆర్డరు పెట్టింది కోడలు, తలుపు తీసింది మామగారు, డబ్బులిచ్చేందుకు ఆ పూట ఇంట్లో ఎవరూ లేరు. లేదా ఆమె ఉద్యోగానికి వెళ్లిన వేళ కొరియర్ కుర్రాడు వచ్చాడు. ఒకే ఫోను ఇంట్లో ముగ్గురు వాడే చోట ఆర్డరు పెట్టిన సంగతే మిగతావారికి తెలియదు. ఏ వేళ ఎవరుంటారు, ఎవరికి ఇవ్వమంటారు అని అడిగితే చాలు, సగం సమస్య అక్కడే తీరుతుంది.

చిరునామా కూడా ఆ ఫోనులోనే సరిచూసుకోండి. "రామాలయం వెనుక, రేషన్ షాపు సందు" అని రాసేవారికి ఆ గుర్తు ఊరందరికీ తెలుసు, కొత్తగా చేరిన కొరియర్ కుర్రాడికి తెలియదు. లొకేషన్ పంపమనండి, రెండో ఫోను నంబరు అడగండి. తపాలా శాఖ 2025లో డిజిపిన్ అని తెచ్చింది, దేశంలో నాలుగు మీటర్ల చదరపు గడి ఒక్కొక్కదానికీ పది అక్షరాల గుర్తు. కొరియర్‌వాళ్లంతా దాన్ని వాడుకలోకి తెస్తే పల్లె చిరునామాల బెడద తగ్గుతుంది. అంతవరకు ఆ ఫోను కాలే దిక్కు.

చీర నచ్చక తిరిగి వచ్చే వాటి సంగతి వేరు. అక్కడ తప్పు ఎక్కువగా ఫోటోది. మీలాంటి చాలా పేజీల్లో చూస్తుంటాను, చీరను ట్యూబ్‌లైటు కింద పరిచి ఫోటో తీస్తారు. ఫోను తనంతట తాను రంగు దిద్దుతుంది, మెరూన్ కాస్తా ఎరుపవుతుంది, నెమలికంఠం కాస్తా నీలమవుతుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య నీడపట్టున, తెల్ల గోడ పక్కన తీయండి. ఒక ఫోటోలో చీర మీద తెల్ల కాగితం పెట్టి తీయండి, ఆ కాగితం తెల్లగా కనిపిస్తే రంగు సరిగ్గా వచ్చినట్టు.

అంతకన్నా ముఖ్యం, చీర వెనుక వైపు చూపించండి. మీ అసలు పోటీ పక్క ఊరి మగ్గంతో కాదు, పోచంపల్లి పేరు పెట్టుకుని నాలుగైదు వందలకు అమ్ముడయ్యే అచ్చు వేసిన (ప్రింటు) చీరతో. ఫోను తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీదే నేయాలనే చేనేత రిజర్వేషన్ చట్టం 1985 నుంచీ ఉంది, అయినా ధర తక్కువ నుంచి ఎక్కువకు అని వరస మార్చగానే మీ చీర ఏ పదో పేజీలోకో పోతుంది. చిటికి కట్టి, అంటే నేయకముందే పోగులను అక్కడక్కడ బిగించి కట్టి, రంగు వేసిన పోగుతో నేసిన చీరకు రెండు వైపులా రంగు ఒకే చిక్కదనంతో ఉంటుంది. అచ్చు చీర తిరగేస్తే వెలవెలబోతుంది. ఇక్కత్‌లో పువ్వు అంచు కొద్దిగా చెదిరినట్టు, ఈక చివరలా ఉంటుంది, పోగులు ఒక్కో దారం జరిగి కూర్చుంటాయి కాబట్టి. తెలియనివారు దాన్నే లోపం అనుకుని తిప్పి పంపుతారు. ముందే చూపించి, ఇది చేతి గుర్తు అని చెబితే, అదే కావాలని అడిగి కొంటారు. కొంగు, అంచు, జాకెట్టు ముక్క విడివిడిగా చూపండి. గంజి పెట్టిన చీర మొదటి ఉతుకు దాకా బిగుసుగా ఉంటుందని రాయండి. నూలు చీర కొన్నవారిలో కొందరికి ఆ సంగతి తెలియక, ఇది గోనెపట్టలా ఉందని ఫిర్యాదు చేస్తారు.

ప్యాకింగ్ గురించి ఒక్క మాట, ఇందులో మీరు ఊరికే డబ్బు పోగొట్టుకుంటూ ఉండవచ్చు. కొరియర్‌వారు తూకం ఒక్కటే చూడరు, పార్శిల్ ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు తూకం, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. 35, 25, 8 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే చీర అరకిలో కూడా లేకపోయినా 1.4 కిలోల బిల్లు పడుతుంది. పలచగా మడిచి, తడి తగలని కవరులో 30, 24, 3 సెంటీమీటర్లకు సర్దితే 0.43 కిలో. అరకిలో లోపలి ధరే కట్టాలి. అందమైన పెట్టె పెళ్లి పట్టుచీరకు ఉంచండి.

పార్శిల్ కట్టేటప్పుడు చీర, దాని మీద లేబుల్, అంటించిన చిరునామా అన్నీ ఒకే వీడియోలో తీసి ఉంచుకోండి. కొన్నవారిని కూడా విప్పేటప్పుడు వీడియో తీయమనండి. మధ్యదారిలో చీర మారిపోయి పాత గుడ్డ వచ్చిన సందర్భాలు నేను చూశాను, అప్పుడు మాట నిలిచేది వీడియో ఉన్నవారిదే. డబ్బు అందినట్టు పంపే స్క్రీన్‌షాట్‌ను నమ్మవద్దు, మీ బ్యాంకు ఖాతాలో చూసుకున్నాకే పార్శిల్ కట్టండి. డబ్బు *తీసుకోవడానికి* పిన్ కొట్టమని ఎవరన్నా అంటే అది దొంగతనమే, ఫోను పెట్టేయండి.

ఇప్పుడు అసలు మార్పు. ఎవరికి అమ్మాలి, ఎక్కడ అమ్మాలి?

చైనా అలీపే చేసిన పని మనకు పెద్ద వేదికలు కొంతవరకు చేస్తాయి. కొన్నవారి డబ్బు తమ దగ్గర ఉంచుకుని, సరుకు చేరాక కొన్ని రోజులకు మీకు వేస్తాయి. కాబట్టి కొత్తవారు మీ పేజీలో కంటే అక్కడ ధైర్యంగా కొంటారు. కానీ అక్కడ ధరే రాజు, తిప్పి పంపడం సులువు, కొన్నవారి ఫోను నంబరు మీ చేతికి రాదు. అందుకని వేదికల మీద తక్కువ ధర సరుకే పెట్టండి: దుపట్టాలు, జాకెట్టు ముక్కలు, దిండు గలీబులు. ఒక్కటే ఉన్న చీరను రెండు మూడు చోట్ల పెట్టవద్దు, ఒకచోట అమ్ముడయ్యాక మరోచోట రద్దు చేస్తే మీ రేటింగు పడిపోతుంది.

చీరలకు మన తెలుగువాళ్లు తామే కనిపెట్టుకున్న దారి ఉంది. యూట్యూబ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లైవ్ పెట్టి, ఒక్కొక్క చీర విప్పి చూపిస్తూ, "నచ్చితే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి" అనే అమ్మకాలు. నాకు ఇందులో గట్టి నమ్మకం. చైనాలో 2016 నుంచి తావోబావో లైవ్‌తో పెద్ద పరిశ్రమగా మారినదీ ఇదే పని. అమ్మే మనిషి ముఖం కనిపిస్తుంది, మన భాషలో మాట్లాడుతుంది, "అక్కా, కొంగు ఇంకోసారి చూపించండి" అంటే చూపిస్తుంది. దుకాణంలో పరుపు మీద కూర్చుని చీరలు వేయించుకున్నట్టే ఉంటుంది. లైవ్ పెట్టే చాలామందికి లేని సొత్తు మీకు ఉంది, మగ్గం. ఆసు పోయడం (పోగులను మేకుల మీద వరసగా చుట్టడం), చిటికి కట్టడం, రంగులో ముంచడం చూపించండి. మాట్లాడటం మీకు మొహమాటమైతే ఇంట్లో చదువుకుంటున్న ఆడపిల్లలకు అప్పగించండి, ఈ పని వాళ్లు బాగా చేస్తారు.

కెన్యా కొట్టువాడి లాంటి మనుషులు మనకూ ఉన్నారు. హైదరాబాదు, బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇంట్లోనే చీరలు పెట్టుకుని తెలిసినవారికి అమ్మే గృహిణులు. మీషో లాంటి సంస్థ 2015లో మొదలై తొలినాళ్లలో నిలబడింది ఇలాంటివారి వాట్సాప్ గ్రూపుల మీదే. వాళ్లను వాళ్ల ఇరుగుపొరుగు నమ్ముతారు. అలాంటివారు ఐదారుగురు దొరికితే, న్యాయమైన కమీషన్ ఇచ్చి నిలుపుకోండి. వారి దగ్గరికి పది చీరలు ఒకే పార్శిల్‌లో పోతాయి, చూసి నచ్చినవే తీసుకుంటారు, మిగతావి మరో ఇంటికి వెళ్తాయి.

ఏ ఒక్క వేదిక మీదా పూర్తిగా ఆధారపడకండి. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు అందులో లక్షల మంది చూసే పేజీలున్నవారికి మర్నాటికి ఏమీ లేదు. 2023 సెప్టెంబరు చివర ఇండోనేషియా సామాజిక మాధ్యమాల్లో నేరుగా అమ్మకాలను ఆపింది. జకార్తాలోని తనహ్ అబాంగ్ బట్టల బజారు వ్యాపారులు, ఈ లైవ్ అమ్మకాలతో మా కొట్లు ఖాళీ అవుతున్నాయని మొరపెట్టుకున్నారు. టిక్‌టాక్ షాప్ మూతపడి, డిసెంబరులో అక్కడి టోకోపీడియా కంపెనీతో చేతులు కలిపాక గానీ తిరిగి తెరుచుకోలేదు. ఎవరి పక్షాన న్యాయముందనేది పెద్ద చర్చ. బజారు వ్యాపారుల గోడును నేను తేలికగా తీసుకోను, మన పట్టణాల్లోనూ అదే జరుగుతోంది. మీ వరకు చేయవలసింది ఒకటే: కొన్నవారందరి పేరు, నంబరు, ఊరు, ఏ చీర కొన్నారు, ఏ రంగు ఇష్టం, ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. వేదిక మూతపడినా ఆ పుస్తకం మీతోనే ఉంటుంది.

పన్ను సంగతి క్లుప్తంగా. 2023 అక్టోబరు 1 నుంచి, ఏడాది టర్నోవరు పరిమితి లోపు ఉన్న చిన్న అమ్మకందారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే, ఒక నమోదు సంఖ్య తీసుకుని, ఆన్‌లైన్ వేదికల మీద సరుకు అమ్మవచ్చు. కానీ సొంత రాష్ట్రం లోపలే. ఇది చాలామంది గమనించరు: మీరు తెలంగాణ నుంచి విజయవాడకు పంపినా అంతర్రాష్ట్ర అమ్మకమే. వేదికల మీద ఆంధ్ర, కర్ణాటక ఆర్డర్లు కావాలంటే రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. రిజిస్టరైనవారికి వేదిక 0.5 శాతం జీఎస్టీ కింద పట్టుకుంటుంది, ఆదాయపన్ను కింద 0.1 శాతం పట్టుకోవచ్చు. అవి పోయిన డబ్బులు కావు, రిటర్నులు వేసి సర్దుబాటు చేసుకోవచ్చు. మీ పరిమితి ఎంతో, మీకు ఏది వర్తిస్తుందో దగ్గరలోని ఆడిటరును ఒకసారి అడగండి.

విదేశాల్లోని మనవాళ్లకు పంపడం గురించి కూడా అడిగారు. అడిగేవారు ఉన్నారు, ధర కూడా వస్తుంది. ఎగుమతి చేసేవారికి ఇచ్చే ఐఈసీ నంబరు తీసుకోవాలి, దాని రుసుము 500 రూపాయలు. తపాలా శాఖవారి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో (పోస్టాఫీసు ఎగుమతి కేంద్రాలు) కాగితాల పనికి సాయం చేస్తారు. అమెరికాకైతే ఇదివరకు 800 డాలర్ల లోపు పార్శిల్‌కు సుంకం ఉండేది కాదు, 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. పంపే రోజున రేటు ఎంతో కనుక్కుని, ఆ సుంకం ఎవరు కడతారో తీసుకునేవారితో ముందే తేల్చుకోండి. అక్కడికి వెళ్లిన చీర వెనక్కి రావడమంటే ఇక చీరను మరచిపోవడమే కాబట్టి, విదేశాలకు మొత్తం డబ్బు ముందు తీసుకోకుండా ఒక్క చీర కూడా పంపవద్దు.

చివరగా, అప్పు చేసి సొంత వెబ్‌సైటు పెట్టమని ఎవరో చెప్పారన్నారు. ఇప్పుడు వద్దు. వెబ్‌సైటు కట్టడం తేలికే, దానికి మనుషులను రప్పించే ప్రకటనల ఖర్చు నెలనెలా మీద పడుతుంది. ఆ నోటు పుస్తకంలో రెండోసారి కొన్నవారు వంద మంది దాటాక ఆలోచించండి. ఆ అప్పు తెచ్చే స్తోమత ఉంటే దానితో నూలు కొనండి, శ్రావణ మాసానికి రెండు నెలల ముందే నేత మొదలుపెట్టండి. మీ నెల లెక్క, తిరిగి వచ్చిన పార్శిళ్ల ఊళ్ల పేర్లు ఇక్కడ పెడితే, ఏ పిన్‌కోడ్‌ల వారిని అడ్వాన్సు కాకుండా మొత్తం డబ్బు ముందే అడగాలో చూసి చెబుతాను.